ఇంట్లో ఈవీ చార్జింగ్ 80 శాతం దగ్గర దానంతటదే ఆగాలంటే ఏం చేయాలి?

బెజవాడలోనో గుంటూరులోనో కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు మొదటి నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటున్నాం, పొద్దున లేచేసరికి వంద శాతం అయి కూర్చుంటోంది. 80 దగ్గర ఆపమని చార్జర్‌కి ఎలా చెప్పాలి?" చార్జర్ యాప్ మొత్తం తిరగేసినా శాతం అనే మాట కనిపించదు. చార్జర్ అమ్మినవాళ్లు కారు షోరూంని అడగమంటారు, షోరూంవాళ్లు చార్జర్ అమ్మినవాళ్లని అడగమంటారు.

అసలు సంగతేమిటంటే, గోడకు బిగించిన చార్జర్‌కి మీ బ్యాటరీ ఎంత నిండిందో తెలియదు. ఇంటి చార్జింగ్‌లో కారుకు గుచ్చే టైప్ 2 గన్నులో సన్నటి సిగ్నల్ పిన్ను ఒకటి ఉంటుంది. దాని ద్వారా చార్జర్ చెప్పేది "ఇన్ని ఆంపియర్ల దాకా లాగొచ్చు" అని మాత్రమే. కారు చెప్పేది "కరెంటు ఇవ్వు", "ఇక చాలు" అని. శాతం ఊసే రాదు. మేడ మీద ట్యాంకు ఎంత నిండిందో కింద మోటారుకు తెలియనట్టే ఇదీ. హైవే మీద ఫాస్ట్ చార్జర్ స్క్రీన్‌లో శాతం కనిపిస్తుంది కదా అంటారా? అది డీసీ, అంటే బ్యాటరీకి నేరుగా పంపే కరెంటు. అక్కడ వాడే సీసీఎస్2 గన్నులో కారు తన బ్యాటరీ వివరాలు చార్జర్‌కి పంపుతుంది. మామూలు ఇంటి కరెంటుతో చేసే ఏసీ చార్జింగ్‌లో ఆ ఏర్పాటు మామూలుగా ఉండదు.

కాబట్టి దారులు మూడు. కారుకే చెప్పడం, చార్జర్‌కి యూనిట్ల లెక్కలో చెప్పడం, టైమర్ పెట్టడం. ఈ వరుసలోనే ప్రయత్నించండి. మొదటిది కుదిరితే మిగతా రెండిటి జోలికి పోనక్కర్లేదు.

ముందు ఒక్కమాట: మీకు 80 అవసరమేనా?

బ్యాటరీని నిండుగా నింపి వేడిలో గంటల తరబడి వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. మే నెలలో రెంటచింతల పేరు రోజూ పేపర్లో వచ్చే ప్రాంతం మనది కాబట్టి ఈ జాగ్రత్త మనకు ఇంకాస్త ఎక్కువ అవసరం. అయితే బ్యాటరీలన్నీ ఒకటి కాదు. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకమైతే రోజువారీ వాడకానికి 80 మంచి హద్దు. ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే (బీవైడీ అట్టో 3, ఎంజీ విండ్సర్ ఈ రకమే) అప్పుడప్పుడు వంద దాకా నింపాలి. లేకపోతే కారు చూపించే శాతమే తప్పుతుంది, సెల్స్ మధ్య తేడాలు సర్దుకోవు. ఎన్నాళ్లకోసారి నింపాలో మీ కారు మాన్యువల్లో రాసి ఉంటుంది. మాన్యువల్ ఒకటి చెప్పి వాట్సాప్ గ్రూపు ఇంకొకటి చెబితే మాన్యువల్ మాటే వినండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- కారు మాన్యువల్, కారు కంపెనీ యాప్
- వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) ఉంటే దాని యాప్
- చార్జింగ్‌కి ఎన్ని యూనిట్లు పోతున్నాయో చూపించేది ఏదైనా: చార్జర్ యాప్, సబ్ మీటర్, లేదా వేరే మీటర్ కనెక్షన్
- కాగితం, పెన్ను. ఫోన్ నోట్స్ అయినా సరే
- ఒక సెలవు రోజు పగలు. రాత్రిపూట మొదటి ప్రయత్నం పెట్టుకుంటే ఆగిందో లేదో చూడటానికి రాత్రి రెండు గంటలకు లేవాలి

మొదటి దారి: కారులోనే హద్దు పెట్టడం

1. కారు స్క్రీన్‌లో ఈవీ సెట్టింగ్స్ లేదా చార్జింగ్ మెనూ తెరవండి. "చార్జ్ లిమిట్", "టార్గెట్ ఎస్ఓసీ" (ఎస్ఓసీ అంటే బ్యాటరీ నిండిన శాతం), "చార్జింగ్ మేనేజ్‌మెంట్" ఇలా ఏదో ఒక పేరుతో ఉంటుంది. స్క్రీన్‌లో లేకపోతే యాప్‌లో చూడండి. టాటా నెక్సాన్ ఈవీ మ్యాక్స్ 2022లో వచ్చినప్పుడు ఈ హద్దు పెట్టుకునే సౌకర్యం యాప్‌లోనే ఇచ్చారు. యాప్‌లోనూ కనిపించకపోతే సర్వీసుకి వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏమైనా ఉందేమో అడగండి.

2. ఏసీకి, డీసీకి వేర్వేరు హద్దులు ఉన్నాయేమో చూడండి. హ్యుందాయ్ కార్లలో రెండూ విడివిడిగా ఉంటాయి, 50 నుంచి 100 దాకా పదేసి శాతం చొప్పున మార్చుకోవచ్చు. ఇంట్లో ప్లగ్గు పెట్టేవాళ్లు మార్చవలసింది ఏసీది. డీసీ హద్దును 80కి పెట్టి, ఇంట్లో వంద దాకా పోతోందని తల పట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

3. మొదటిసారి 80 పెట్టకండి. ఇప్పుడు ఎంత ఉందో చూసి, దానికి కాస్త పైన పెట్టండి. కారు 54 చూపిస్తుంటే హద్దు 60 పెట్టి ప్లగ్గు పెట్టండి. 15 ఆంపియర్ల సాకెట్ మీదైనా గంట దాటేసరికి ఫలితం తెలిసిపోతుంది. 60 దగ్గర ఆగితే సెట్టింగ్ పనిచేస్తున్నట్టే. అప్పుడు 80కి మార్చండి.

4. యాప్‌లో మార్చినవాళ్లు కారు స్క్రీన్ మీద కూడా ఒకసారి చూసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారుకు సిగ్నల్ అందదు. మీరు మూడో అంతస్తులో కూర్చుని 80 నొక్కితే ఫోన్ "సరే" అంటుంది, కారుకు మాత్రం ఆ కబురే చేరదు. ఇలాంటి చోట కారు ఎక్కి స్క్రీన్‌లో మార్చడమే నయం.

5. పెట్టిన హద్దు అలాగే నిలుస్తోందా, ఒక్కసారికే పనిచేసి పోతోందా అన్నది రెండోరోజు కూడా చూడండి.

మీ కారులో ఈ సౌకర్యం ఉంటే ఇక్కడితో పని అయిపోయింది. కింద "ఆగిందని ఎలా తెలుస్తుంది" అన్న భాగానికి వెళ్లిపోండి.

మిగతా రెండు దారులకూ కావలసిన లెక్క

కంపెనీవాళ్లు బ్రోచర్‌లో రాసిన అంకెలతో లెక్క వేయకండి. మీ కారును, మీ ఇంటి కరెంటును మీరే కొలవండి.

6. బ్యాటరీ 30కి, 80కి మధ్యలో ఉన్నప్పుడు చార్జింగ్ మొదలుపెట్టండి. కారు చూపించే శాతం, మీటర్ రీడింగు, టైము, మూడూ రాసుకోండి. సుమారు 20 శాతం పెరిగాక ఆపి మళ్లీ మూడూ రాసుకోండి.

ఉదాహరణకు 40.5 కిలోవాట్ అవర్, అంటే 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 40 నుంచి 60కి చేరడానికి 9.2 యూనిట్లు, 3 గంటల 5 నిమిషాలు పట్టిందనుకుందాం. 9.2ని 20తో భాగిస్తే ఒక్క శాతానికి 0.46 యూనిట్లు. గంటకు దగ్గరదగ్గర ఆరున్నర శాతం. ఈ రెండు అంకెలు కారు డ్యాష్‌బోర్డు మీదో ఫోన్‌లోనో రాసి పెట్టుకోండి.

బ్యాటరీ సైజు లెక్కన చూస్తే శాతానికి 0.405 యూనిట్లే కదా అని మీకు అనుమానం రావచ్చు. మీటర్ దాటిన కరెంటంతా బ్యాటరీలోకి చేరదు. కారులోపల ఏసీని డీసీగా మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది, పంపులూ కంప్యూటర్లూ కొంత తింటాయి. బ్రోచర్ లెక్క వేసినవాళ్లకు 80 అనుకున్నది 75 దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

80 దాకా ఈ లెక్క బాగా కుదురుతుంది. 95 దాటాక కారే కరెంటు తగ్గించుకుంటూ పోతుంది కాబట్టి అక్కడ దీన్ని నమ్ముకోకండి.

రెండో దారి: వాల్‌బాక్స్‌కి యూనిట్లలో చెప్పడం

7. చార్జర్ యాప్‌లో "ఎనర్జీ లిమిట్" లేదా "స్టాప్ ఆఫ్టర్" లాంటిది ఉందేమో చూడండి. కొన్నిట్లో యూనిట్లు, కొన్నిట్లో టైము, కొన్నిట్లో రూపాయలు కూడా పెట్టుకోవచ్చు. ఎంపిక చేసుకునే వీలుంటే యూనిట్లే తీసుకోండి.

8. కావలసిన శాతంలోంచి ఇప్పుడున్న శాతం తీసేసి, మీ అంకెతో గుణించండి. 40 నుంచి 80కి అయితే 40 × 0.46 = 18.4 యూనిట్లు. 18 అని కొట్టండి చాలు. పాయింటు తర్వాత అంకె కోసం టెన్షన్ పడక్కర్లేదు.

ఆ గడిలో 80 అని కొట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. అది 80 శాతం కాదు, 80 యూనిట్లు. మన ఊళ్లో తిరిగే కార్లలో చాలావాటి బ్యాటరీ పూర్తిగా నిండినా అన్ని యూనిట్లు పట్టవు కాబట్టి కారు నిక్షేపంగా వంద దాకా వెళ్లిపోతుంది. ఇంకొందరు ఆంపియర్లు తగ్గించే స్లైడర్‌ని 80 శాతానికి జరుపుతారు. దానివల్ల చార్జింగ్ నెమ్మదిస్తుందే తప్ప ఆగదు.

కారులోనూ షెడ్యూల్, చార్జర్‌లోనూ షెడ్యూల్ పెట్టకండి. కారు రాత్రి 11కి మొదలెడదామని చూస్తుంది, చార్జర్ 10కే తెరిచి 12కి మూసేస్తుంది. పొద్దున చూస్తే ఎవరు ఆపారో అర్థం కాదు. ఏదో ఒకదానికే పెత్తనం ఇవ్వండి.

కంప్యూటర్ల మీద సరదా ఉన్నవాళ్లకు ఇంకో మార్గం ఉంది. హోమ్ అసిస్టెంట్, ఈవీసీసీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు కారు యాప్ నుంచి శాతం తెచ్చుకుని చార్జర్‌ని ఆపగలవు. మీ కారునూ చార్జర్‌నూ అవి గుర్తిస్తేనే పని జరుగుతుంది. ఇది ఆదివారాలు ఖర్చుపెట్టడానికి ఇష్టపడేవాళ్ల పని. మిగతావాళ్లకు 18 కొట్టడం సులువు.

మూడో దారి: 15 ఆంపియర్ల ప్లగ్గుకు టైమర్

వాల్‌బాక్స్ లేదు, కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌నే 15 ఆంపియర్ల సాకెట్‌కి పెడుతున్నారు, కారులో హద్దు సెట్టింగూ లేదు. ఇలాంటివాళ్లకు ఇదే దిక్కు. ప్రమాదం ఎక్కువ ఉన్నది కూడా ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

అపార్ట్‌మెంట్లలో చాలామంది చేసే ఏర్పాటు వాచ్‌మన్‌కి చెప్పడం. "బాబాయ్, నాలుగింటికి స్విచ్ కట్టెయ్" అంటారు. బాబాయ్ నిద్రపోతాడు, పాపం అందులో ఆయన తప్పేం లేదు. లేచి కట్టినా, 13 ఆంపియర్ల లోడు పారుతుండగా రోజూ స్విచ్ కడుతుంటే లోపల నిప్పురవ్వ వచ్చి కాంటాక్టులు నల్లబడతాయి. కొన్నాళ్లకు ఆ స్విచ్ వేసే ఉన్నా వేడెక్కడం మొదలవుతుంది.

16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. గీజర్‌కి పావుగంట వాడటానికి అది బాగానే ఉంటుంది. కారు చార్జింగ్ అంటే అదే కరెంటు ఏడెనిమిది గంటలు ఆగకుండా పారాలి, అదీ గాలి ఆడని సెల్లార్‌లో, ఎండాకాలంలో. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగిందంటే దాన్ని అప్పుడే తీసిపారేయండి. నన్నడిగితే లోడు మొత్తాన్ని దాని గుండా పంపించవద్దు.

9. ఎలక్ట్రీషియన్ చేత కాంటాక్టర్ (పెద్ద లోడును వేసి ఆపే స్విచ్) పెట్టించండి. టైమర్ (లేదా చిన్న స్మార్ట్ స్విచ్) కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, అసలు లోడు కాంటాక్టర్ గుండా పోతుంది. ఎలక్ట్రికల్ షాపులో రెండు పోల్స్ ఉన్న 25 ఆంపియర్ల మాడ్యులర్ కాంటాక్టర్, బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమర్ అని అడగండి. వీటితోపాటు లోడు మితిమీరితే పడిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ ఆర్‌సీసీబీ, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. బాక్సు ఛాతీ ఎత్తున బిగించమనండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వీధుల్లోకి ఎలా వచ్చాయో చూశాం కదా.

ఎలక్ట్రీషియన్ "ఎర్తింగ్ లేకపోయినా ఏం కాదండీ, న్యూట్రల్‌కి కలిపేస్తా" అంటే ఆ మనిషికి టీ ఇచ్చి పంపించేయండి. పోర్టబుల్ చార్జర్ పెట్టె విప్పనివ్వకండి, వారంటీ పోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్‌కి ఈ టైమర్ పద్ధతి అక్కర్లేదు, దానికి మామూలుగా యాప్ ఉంటుంది. దానికి కావలసింది బిల్లు మీద ఉన్న కాంట్రాక్టెడ్ లోడు సరిపోతుందో లేదో చూసుకుని, చాలకపోతే కరెంటు సంస్థ సీపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టుకోవడం.

10. టైము లెక్క వేయండి. 30 నుంచి 80కి 50 శాతం. గంటకు ఆరున్నర చొప్పున 7 గంటల 40 నిమిషాలు.

ఈ లెక్క వేసవిలో తప్పుతుంది. చార్జర్ లాగే ఆంపియర్లు మారవు, ఇంటికి వచ్చే వోల్టేజీ మారుతుంది. 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లంటే దాదాపు 3 కిలోవాట్లు. వీధి వీధంతా ఏసీలు వేసుకుని వోల్టేజీ 205కి పడిపోతే అదే 13 ఆంపియర్లు 2.7 కిలోవాట్లు కూడా ఇవ్వవు. 80 అవుతుందనుకున్నది 74 దగ్గర ఆగుతుంది. వీలైతే అర్ధరాత్రి దాటాక మొదలయ్యేలా పెట్టండి, వోల్టేజీ కాస్త నిలకడగా ఉంటుంది. లేదా చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి పైన 6లో చెప్పినట్టు మళ్లీ కొలుచుకోండి.

11. కరెంటు పోతే ఏం జరుగుతుందో ముందే తేల్చుకోండి. రాత్రి గంట కోత పడితే, ఫలానా టైముకి ఆపే టైమర్ ఆ గంట నష్టపోయి తక్కువ శాతం దగ్గర ఆపుతుంది. ఇబ్బంది లేదు. స్మార్ట్ స్విచ్ అయితే యాప్‌లో "కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలి" అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, కరెంటు పోయి రాగానే కౌంట్‌డౌన్ సంగతి మర్చిపోయి చార్జింగ్ మొదలెట్టి వంద దాకా తీసుకెళ్లొచ్చు. ఆఫ్ పెట్టుకుంటే పొద్దున బ్యాటరీ తక్కువ ఉండొచ్చు. రోజూ పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాకా తిరిగేవాళ్లకు ఆఫ్ నయం. రోజూ గుంటూరు, విజయవాడ మధ్య తిరిగేవాళ్లు, రానుపోను 70 కిలోమీటర్లు, ఫలానా టైముకి ఆపే డిజిటల్ టైమర్ కొనుక్కోండి. పెట్టాక పగలు మెయిన్ ఆపి మళ్లీ వేసి పరీక్షించండి.

ఆగిందని ఎలా తెలుస్తుంది

చార్జర్ మీద లైటు చూసి నమ్మకండి. హద్దు దగ్గర కారు ఆపేసినా గన్ను పెట్టి ఉంది కాబట్టి చాలా చార్జర్లలో లైటు వెలుగుతూనే ఉంటుంది, రంగు మారుతుందంతే. ఫోన్ యాప్ కూడా ఎప్పుడో తెచ్చుకున్న పాత అంకెనే చూపిస్తూ ఉండొచ్చు.

కరెంటు మీటర్ దగ్గరికి వెళ్లండి. డిజిటల్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది, పక్కన 1600 అనో 3200 అనో రాసి ఉంటుంది. ఒక్క యూనిట్‌కి అది అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. 1600 మీటర్ అయితే 3 కిలోవాట్ల చార్జింగ్ నడుస్తున్నప్పుడు నిమిషానికి 80 సార్లు, అంటే సెకనుకు ఒకటికి పైగా టకటకా కొడుతుంది. 3200 అయితే దానికి రెట్టింపు. చార్జింగ్ ఆగి, ఇంట్లో ఫ్యాన్లూ ఫ్రిజ్జూ మాత్రమే ఉంటే ఒక మినుకుకీ ఇంకో మినుకుకీ మధ్య పది సెకన్ల పైనే పట్టొచ్చు. సెల్లార్‌లో మీటర్ల వరుస ఉన్నచోట మీ ఫ్లాట్ నంబరు చూసి మరీ నిలబడండి. ఏసీ, గీజర్ ఆపి ఉంచితేనే ఈ పరీక్ష సరిగ్గా తేలుతుంది.

మొదలుపెట్టిన అరగంటకు ప్లగ్గు పైభాగాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్టాప్ కారులోంచో గన్ను నుంచో కొట్టి, ఆ తర్వాత స్విచ్ కట్టి, సాకెట్ మార్పించండి.

వరసగా కొన్ని రోజులు పొద్దున్నే కారు శాతం రాసుకోండి. 79, 81, 80 ఇలా వస్తే ఇక చూడక్కర్లేదు. 80 దగ్గర ఆగినది పొద్దునకు 78 అయితే ప్లగ్గు పెట్టి ఉంచి కారు ఏసీ ఏమైనా వేశారేమో, యాప్ పదేపదే తెరిచి కారును నిద్ర లేపుతున్నారేమో చూసుకోండి. ప్రతిసారీ ఒకే పక్కకు నాలుగైదు శాతం తేడా వస్తుంటే మీ 0.46 తప్పు. 80కి తక్కువ దగ్గర ఆగుతుంటే దాన్ని కొంచెం పెంచండి, దాటిపోతుంటే తగ్గించండి. ఒకరోజు అటు ఒకరోజు ఇటు ఊగుతుంటే అంకెను మార్చకండి, వోల్టేజీ సంగతి చూడండి.

హైదరాబాద్ ప్రయాణం ఉంటే, అంటే 275 కిలోమీటర్ల పైచిలుకు, ముందురోజు రాత్రి హద్దును వందకు మార్చుకోండి, బయల్దేరే టైముకి నిండేలా చూసుకోండి. తిరిగొచ్చాక 80కి మార్చడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. వందకు మార్చిన నిమిషంలోనే, ఊరి నుంచి వచ్చే రోజు రాత్రికి ఫోన్‌లో రిమైండర్ పెట్టేయండి.